గుజ్జు ఫ్యాక్టరీల సర్వర్లు, ఆన్సిబుల్ టెంప్లేట్లు: ప్రాజెక్టు డైరీ

మార్చి చివరి వారం

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు మేం సాఫ్ట్‌వేర్ ఇస్తాం. కాయల లారీ కాటా ఎక్కినప్పటి నుంచి రైతు ఖాతాలో డబ్బు పడేదాకా లెక్కంతా అందులోనే నడుస్తుంది. మా ఆఫీసు తిరుపతి బైరాగిపట్టెడలో. సర్వర్లు మాత్రం ఎక్కువ భాగం ఫ్యాక్టరీల్లోనే, కాటా గది పక్కన ఉంటాయి. తమ రైతుల లెక్కలు తమ దగ్గరే ఉండాలని యజమానుల పట్టు. పల్లెలో నెట్ పోయినా తూకం ఆగకూడదన్నది ఇంకో కారణం. రెండూ న్యాయమైనవే. అందువల్ల ఫ్యాక్టరీకొక సర్వరు, ప్రతి సర్వరులో ఎన్జినెక్స్ (వెబ్ సర్వరు), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), లాగ్ రొటేట్ (లాగ్ ఫైళ్ళు పెరిగిపోకుండా చూసేది), బ్యాకప్, ఫైర్‌వాల్. ఎలా నడవాలో చెప్పేందుకు వీటికి తలా ఒక కాన్ఫిగరేషన్ ఫైలు, కొన్నిటికి రెండు మూడు.

ఇన్నాళ్ళూ కొత్త ఫ్యాక్టరీ చేరిందంటే దాన్ని పోలిన పాత సర్వరు నుంచి ఫైళ్ళు కాపీ చేసి, పేర్లు మార్చి పెట్టేవాళ్ళం. సీజన్‌లో ఏదైనా ఆగితే ఎవరు ఫోన్ ఎత్తితే వాళ్ళు లోపలికి వెళ్ళి ఒక లైను సరిచేసి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఏ రెండు సర్వర్లూ ఒక్కలా లేవు. మే మధ్యకల్లా కాయ దిగడం మొదలవుతుంది. ఆలోపు ఒకటే లక్ష్యం: చేత్తో రాసిన ఫైలు ఏ సర్వరులోనూ ఉండకూడదు. అన్నీ ఒకచోట ఉన్న డేటా నుంచి, టెంప్లేట్ల (విలువల చోటు ఖాళీగా వదిలిన నమూనా ఫైళ్ళ) ద్వారా తయారవ్వాలి.

పనిముట్టు ఎంపిక మీద ఎక్కువ చర్చ జరగలేదు గానీ, జరిగినంతవరకు బాగా జరిగింది. సర్వర్ల కాన్ఫిగరేషన్‌ను ఇలా ఒకచోటి నుంచి పనిముట్టుతో నడిపించే ఆలోచన కొత్తదేమీ కాదు. ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ 1993లోనే సీఎఫ్ఇంజిన్‌తో దీనికి దారి వేశాడు. 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2011లో సాల్ట్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. పప్పెట్‌లో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. ప్రతి సర్వరులోనూ దాని ఏజెంటు (ఎప్పుడూ నడిచే చిన్న ప్రోగ్రాము) కూర్చుని, మామూలుగా అరగంటకోసారి తనంతట తాను సరిచూసుకుంటుంది. ఎవరైనా చేత్తో మార్చినా మళ్ళీ దారిలో పెడుతుంది. ఆన్సిబుల్‌కు ఏజెంటు లేదు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వరులోకి భద్రంగా వెళ్ళే దారి) ద్వారా వెళ్తుంది, అవతల పైథాన్ ఉంటే చాలు. ఫ్యాక్టరీల్లోని పాత మెషీన్లలో కొత్త సర్వీసు ఇంకొకటి పెట్టి దాన్ని కాపాడుకోవడం మాలాంటి చిన్న జట్టుకు భారం. అందుకే ఆన్సిబుల్. అరగంటకోసారి సరిచూసే గుణం పోతున్నది కాబట్టి దానికి మేమే ఒక దారి చూసుకోవాలని ఆ రోజే రాసిపెట్టుకున్నాం.

ఏప్రిల్ మొదటి పక్షం: తేడాల పుట్ట

టెంప్లేట్ రాయడానికి ముందే అన్ని సర్వర్ల నుంచి ఫైళ్ళన్నీ ఒకచోటికి లాగాం. ఆన్సిబుల్‌లో ఫెచ్ అనే మాడ్యూలు సరిగ్గా దీనికే ఉంది. సర్వరు పేరుతో ఒక్కో ఫోల్డరు చేసి అందులో పెడుతుంది. వాటిని అలాగే గిట్‌లో (ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచే పనిముట్టులో) వేసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి తేడాలు చూడటం మొదలుపెట్టాం.

ఈ ప్రాజెక్టులో అసలు పని ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. టెంప్లేట్లు రాసే జింజా భాష వాక్యనిర్మాణం ఒక పూటలో వస్తుంది. ఒక ఫైలులో ఉండి పక్క ఫైలులో లేని లైను ఎందుకుందో కనుక్కోవడం మాత్రం ఏ డాక్యుమెంటేషన్‌లోనూ దొరకదు.

ఎన్జినెక్స్ ఫైళ్ళలో ఒకచోట క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ (ఒకసారికి పంపగల డేటాకు హద్దు) 20 ఎంబీ అని ఉంది. మిగతా వాటిలో ఆ లైనే లేదు, అంటే ఎన్జినెక్స్ సొంత విలువ 1 ఎంబీ నడుస్తోంది. ఆ ఒక్క ఫ్యాక్టరీలో కాటా మీద లారీ నెంబరు ప్లేటు ఫొటో తీసే కెమెరా ఉంది. 1 ఎంబీ దాటిన ఫొటో వస్తే 413 ఎర్రర్ ఇచ్చి తూకం చీటీ ఆగిపోతుంది. ఈ సీజన్‌లో మిగతా ఫ్యాక్టరీలు కూడా కెమెరాలు పెడుతున్నాయి. ఆ లైను కథ తెలియకపోతే కాయ దిగిన మొదటి రోజే అందరి దగ్గరా అదే ఎర్రర్ వచ్చేది.

ఇంకోచోట ప్రాక్సీ రీడ్ టైమవుట్ (అప్లికేషన్ జవాబు కోసం ఎన్జినెక్స్ వేచి ఉండే సమయం) 300 సెకన్లు. మామూలుగా అది 60. మా జట్టులో కొత్తగా చేరిన తమ్ముడు దాన్ని చూసి, "అన్నా, ఈ లైన్ ఎందుకుండాదో ఎవురికీ తెలీదు. తీసేద్దామా?" అన్నాడు. మా గిట్‌లో జవాబు లేదు, అందుకని ఫ్యాక్టరీ అకౌంటెంటుకే ఫోన్ చేశాం. ఆయన వెంటనే చెప్పాడు: "సామీ, అది ముట్టుకోవద్దు. సీజన్ ఆఖర్లో రైతులందరి పట్టీలూ ఒకేసారి తీస్తాము. అది లేని సంవత్సరం సగంలోనే ఆగిపోయేది." ఆ పట్టీల (రైతుల లెక్కల చీటీల) రిపోర్టు అంతసేపు పట్టకూడదనేది నిజమే, దాన్ని వేరే పనిగా రాసుకున్నాం. అది బాగుపడేవరకు 300 ఉండాల్సిందే.

సర్వర్ నేమ్స్ హ్యాష్ బకెట్ సైజ్ (డొమైన్ పేర్లకు ఎన్జినెక్స్ ఇచ్చే చోటు) 128 అని ఒక సర్వరులో ఉంది. ఆ ఫ్యాక్టరీ యజమాని తన సంస్థ పేరంతా డొమైన్‌లో పెట్టుకున్నాడు. అంత పొడుగు పేరు చిన్న బకెట్‌లో పట్టక ఎన్జినెక్స్ అసలు లేవదు. కారణం దొరికింది, ఉంచాం.

పోస్ట్‌గ్రెస్‌కు ఎవరెవరు రావచ్చో చెప్పే హెచ్‌బీఏ ఫైలులో ఒకచోట బయటి ఐపీ అడ్రస్ ఒకటి కనిపించింది. ఎవరిదో ఎవరికీ తెలియదు. కనెక్షన్ల లాగ్ ఆన్ చేసి వేచి చూశాం. ఆ అడ్రస్ నుంచి ఎవరూ రాలేదు. ఫ్యాక్టరీ వాళ్ళ ఒప్పుకోలు తీసుకుని తొలగించాం. రైతుల బ్యాంకు వివరాలున్న డేటాబేస్‌కు ఊరూపేరూ లేని తలుపు ఒకటి తెరిచి ఉండటం నన్ను చాలా కలవరపెట్టింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇంకేమీ సాధించకపోయినా ఆ ఒక్క లైను తీసేసినందుకే సంతోషిస్తాను.

అప్పుడే మా జట్టులో ఒక నియమం పెట్టుకున్నాం. డేటా ఫైలులో మామూలుకు భిన్నమైన విలువ ఏది రాసినా, దాని పైన కామెంటులో మూడు సంగతులు ఉండాలి: ఎందుకు, ఎవరు అడిగారు, ఎప్పుడు తీసేయవచ్చు. మూడోది చాలామంది మరిచిపోతారు. తీసేసే షరతు లేని లైను శాశ్వతంగా ఉండిపోతుంది.

ఏప్రిల్ రెండో పక్షం: డేటా, దాని ఆకారం

విలువలను మూడు అంచెల్లో పెట్టాం. అందరికీ వర్తించేవి ఒక ఫైలులో, ఫ్యాక్టరీలో ఉన్న సర్వర్లకూ క్లౌడ్‌లో ఉన్న వాటికీ గ్రూపు ఫైళ్ళు, చివరికి ఒక్కో సర్వరుకు సొంత ఫైలు. ఒకే పేరు రెండుచోట్ల ఉంటే గ్రూపు కంటే సర్వరు సొంత విలువదే పైచేయి. ఇలా విడదీశాక చాలా సర్వర్ల సొంత ఫైలు ఒక్క తెరలో పట్టేంత చిన్నదైంది. ఆ ఫ్యాక్టరీ ప్రత్యేకత ఏమిటో చదివితే తెలిసిపోతుంది.

పోస్ట్‌గ్రెస్ మెమరీ దగ్గర కాస్త ఆగాల్సి వచ్చింది. షేర్డ్ బఫర్స్ (డేటాబేస్ తన కోసం పట్టి ఉంచుకునే మెమరీ) ఏమీ చెప్పకపోతే 128 ఎంబీ. డేటాబేస్ ఒక్కటే నడిచే మెషీనులో, మెమరీ 1 జీబీ లేదా అంతకంటే ఎక్కువుంటే, పావు వంతుతో మొదలుపెట్టమని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే చెబుతుంది. మా మెషీన్లలో అప్లికేషన్ కూడా నడుస్తుంది కాబట్టి ఇంకాస్త తగ్గించాం. ఆ సంఖ్యను మేం రాయలేదు. ఆన్సిబుల్ ప్రతి సర్వరు మెమరీ ఎంతో ముందే అడిగి తెలుసుకుంటుంది, ఆ విలువ మీద టెంప్లేట్‌లోనే లెక్క వేయించాం. రేపు ఫ్యాక్టరీ వాళ్ళు ర్యామ్ పెంచితే ఫైలు దానంతట అదే మారుతుంది.

అయితే షేర్డ్ బఫర్స్ మారితే పోస్ట్‌గ్రెస్‌ను రీస్టార్ట్ చేయాలి. వర్క్ మెమరీ లాంటివి మారితే రీలోడ్ (ఆపకుండానే కొత్త విలువలు చదవడం) సరిపోతుంది. రెండూ ఒకే ఫైలులో ఉంటే ఆన్సిబుల్‌కు తెలిసేది 'ఫైలు మారింది' అన్నంతవరకే. ఏ లైను మారిందో దానికి పట్టదు. కాటా నడుస్తుండగా చిన్న మార్పు కోసం డేటాబేస్ రీస్టార్ట్ అయితే లారీల వరస రోడ్డు మీదికి వస్తుంది. అందుకని పోస్ట్‌గ్రెస్‌కు ఉన్న ఇంక్లూడ్ డైరెక్టరీ సౌకర్యాన్ని (ఒక ఫోల్డరులోని ఫైళ్ళన్నీ కలిపి చదవడం) వాడి ఫైలును రెండుగా చీల్చాం. రీస్టార్ట్ అడిగే విలువలు ఒకదాంట్లో, రీలోడ్‌తో పోయేవి ఇంకోదాంట్లో. మొదటిది మారినా వెంటనే రీస్టార్ట్ చేయం. పీజీ సెట్టింగ్స్ వ్యూలో పెండింగ్ రీస్టార్ట్ అనే కాలమ్ ఉంది, ఏ విలువలు ఎదురుచూస్తున్నాయో అది చూపిస్తుంది. కాటా ఖాళీగా ఉన్న వేళ చూసుకుని ఫ్యాక్టరీ వాళ్ళు సరేనన్నాకే ఆ పని.

మా డేటా ఫైళ్ళు రాసే తీరు యామల్. దాని గురించి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఒక గట్టి హెచ్చరిక. బ్యాకప్ వేళలు డేటా ఫైలులో ఉన్నాయి. కొన్ని సర్వర్లకు 02:30, కొన్నిటికి 22:30. తయారైన ఫైళ్ళలో మొదటి రకం బాగానే ఉంది, రెండో రకంలో మాత్రం 1350 అని వచ్చింది! మా తమ్ముడే తేడాలో పట్టుకున్నాడు. ఆన్సిబుల్ వాడే యామల్ పాత నియమం ప్రకారం కోట్స్ లేని 22:30 అంటే అరవై లెక్కన రాసిన సంఖ్య: 22ను 60తో గుణించి 30 కలిపితే 1350. సున్నాతో మొదలయ్యే 02:30 ఆ నియమంలోకి రాదు, మాటగానే మిగిలిపోతుంది. సగం సర్వర్లు బాగుండి సగం పాడవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అలాగే కోట్స్ లేకుండా ఆఫ్ అని రాస్తే అది ఫాల్స్ అయిపోతుంది. జీజిప్ (పంపే డేటాను కుదించే సెట్టింగు) దగ్గర ఫాల్స్ అని పడితే ఎన్జినెక్స్ ఒప్పుకోదు, దానికి ఆన్ లేదా ఆఫ్ మాత్రమే కావాలి. ఫైలు పర్మిషన్ల అంకెలు కూడా కోట్స్‌లోనే రాయాలి. ఇప్పుడు మా దగ్గర కోట్స్ లేని వేళ గానీ, ఆన్-ఆఫ్ గానీ గిట్‌లోకి రాకుండా ఒక చిన్న తనిఖీ అడ్డుపడుతుంది.

ఏప్రిల్ ఆఖరు: టెంప్లేట్లు

మొదటి టెంప్లేట్‌కు పెట్టుకున్న షరతు ఏమిటంటే, సర్వరులో ఇప్పుడున్న ఫైలునే అక్షరం తేడా లేకుండా తయారు చేయాలి. బాగుచేయడం తర్వాత. పాతదాన్ని ఉన్నదున్నట్టు పుట్టించలేని టెంప్లేట్‌కు ఆ సర్వరు గురించి ఇంకా ఏదో తెలియదన్నమాట. చెక్, డిఫ్ రెండూ కలిపి నడిపితే ఆన్సిబుల్ ఏమీ మార్చకుండా, మారబోయే లైన్లు మాత్రం చూపిస్తుంది. అది ఖాళీగా వచ్చేదాకా డేటాలో తప్పిపోయిన విలువలు వెతికి చేర్చాం.

విలువ ఇవ్వడం మరిచిపోతే ఆన్సిబుల్ ఖాళీ వదిలి ముందుకు పోదు, అక్కడే ఆగి ఎర్రర్ ఇస్తుంది. ఇది మంచి స్వభావం. డిఫాల్ట్ ఫిల్టరు (విలువ లేకపోతే బదులు వాడేది) పెట్టి దాన్ని నోరు మూయించడం తేలిక. డొమైన్ పేరు, డేటాబేస్ పేరు లాంటి వాటికి మేం ఎక్కడా డిఫాల్ట్ ఇవ్వలేదు.

లూపుల్లో వరస ముఖ్యం. ఫైర్‌వాల్ అనుమతించే అడ్రస్‌లను సార్ట్ చేసి రాశాం. లేదంటే అదే డేటా వేరే వరసలో వచ్చి, ఏమీ మారకపోయినా ఫైలు మారినట్టు కనిపించే అవకాశం ఉంది. హెచ్‌బీఏ ఫైలుకు మాత్రం ఆ పని చేయకూడదు. పోస్ట్‌గ్రెస్ పైనుంచి కిందికి చదువుతూ మొదట సరిపోలిన లైను దగ్గరే ఆగిపోతుంది, అక్కడ వరసే అర్థం. దాన్ని మేం రాసిన క్రమంలోనే ఉండే జాబితాగా పెట్టాం. ప్రతి ఫైలు నెత్తిన 'దీన్ని చేత్తో మార్చవద్దు, మూలం గిట్‌లో ఫలానా చోట ఉంది' అని తెలుగులోనే ఒక కామెంటు. అందులో తేదీ, సమయం పెట్టలేదు. పెడితే నడిపిన ప్రతిసారీ ఫైలు మారుతుంది, ప్రతిసారీ రీలోడ్ అవుతుంది.

ఇక తనిఖీ. ఈ భాగం మీదే నేను ఎక్కువ సమయం పెట్టాను.

టెంప్లేట్ మాడ్యూలులో వాలిడేట్ అనే సౌకర్యం ఉంది. కొత్త ఫైలును ముందు తాత్కాలికంగా ఒకచోట రాసి, మనం చెప్పిన ఆదేశంతో పరీక్షించి, పాసైతేనే అసలు చోటికి మారుస్తుంది. సుడో (అడ్మిన్ హక్కులు ఎవరికో చెప్పే) ఫైలుకు విసుడో తనిఖీ, ఎస్‌ఎస్‌హెచ్‌కు దాని సొంత పరీక్ష ఇలా చక్కగా కుదిరాయి. ఎన్జినెక్స్ సైటు ఫైలుకు కుదరదు. అది పెద్ద ఫైలులో ఒక ముక్క, విడిగా పరీక్షిస్తే అర్థం కాదు. దాన్ని అసలు చోట పెట్టాకే మొత్తాన్ని పరీక్షించాలి.

పరీక్ష ఫెయిలైతే రీలోడ్ జరగదు, నడుస్తున్న ఎన్జినెక్స్ పాత కాన్ఫిగరేషన్‌తోనే పని చేస్తూ ఉంటుంది. పైకి అంతా సవ్యంగానే ఉంటుంది. కానీ డిస్కులో చెడ్డ ఫైలు కూర్చుని ఉంది. ఫ్యాక్టరీలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా అయిపోయి, మెషీను మళ్ళీ లేచిందనుకోండి. ఎన్జినెక్స్ లేవదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మధ్యలో ఏదో ఫెయిలై ప్లే (ఆన్సిబుల్ పనుల వరస) ఆగిపోతే అప్పటిదాకా వేచి ఉన్న హ్యాండ్లర్లు (ఫైలు మారితే చివర్లో రీలోడ్ లాంటివి చేసే పనులు) నడవవు. మళ్ళీ నడిపితే ఫైలు అప్పటికే కొత్తది కాబట్టి మార్పు లేదంటుంది, రీలోడ్ ఎప్పటికీ జరగదు.

రెండిటికీ ఒకే మందు వేశాం. ఫైలు రాయడం, పరీక్షించడం, రీలోడ్ చేయడం మూడూ ఒకే బ్లాకులో పెట్టి, దానికి రెస్క్యూ భాగం రాశాం. ఏది తప్పినా ఆన్సిబుల్ దాచిన పాత ఫైలు వెంటనే తన చోటికి తిరిగి వస్తుంది. పాత ఫైలే లేని కొత్త సర్వరైతే, పెట్టినదాన్ని తీసేస్తుంది. ఆ దాచిన కాపీ ఎక్కడ పడుతుందో కూడా చూసుకోవాలి. డెబియన్, ఉబుంటుల్లో సైట్స్ ఎనేబుల్డ్ ఫోల్డరులో ఏ ఫైలున్నా ఎన్జినెక్స్ చదివేస్తుంది, పాత కాపీని కూడా. అందుకే అసలు ఫైలు సైట్స్ అవైలబుల్‌లో, ఎనేబుల్డ్‌లో లింకు మాత్రమే.

పాస్‌వర్డులు ఆన్సిబుల్ వాల్ట్‌లో (ఎన్‌క్రిప్ట్ చేసి దాచే సౌకర్యం) పెట్టాం. ఒక జాగ్రత్త: వాల్ట్‌లో భద్రంగా ఉన్న పాస్‌వర్డు డిఫ్‌లో తెర మీద బయటపడుతుంది. ఆ పనులకు డిఫ్ ఆపేశాం.

మే మొదటి వారం: దామలచెరువు వైపు

గంగమ్మ జాతర చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా రాత్రికి ఊరు దాటి ఉండకూడదనేది తిరుపతి పాత ఆచారం. మా జట్టులో ఇద్దరు ఊరివాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళు గట్టిగా పాటిస్తారు. కాబట్టి ఫ్యాక్టరీలకు వెళ్ళి చేయాల్సినవన్నీ చాటింపుకు ముందే ముగించాలని ప్లాను వేసుకున్నాం. నిజానికి పని ఎస్‌ఎస్‌హెచ్‌లోనే జరిగిపోతుంది. అయినా మొదటి సర్వరు మార్చేటప్పుడు మెషీను పక్కన ఒకరుండాలని నా పట్టుదల.

చంద్రగిరి, పాకాల మీదుగా దామలచెరువు దగ్గరి ఫ్యాక్టరీకి వెళ్ళాం. మండీల్లో ముందస్తు కాయ అప్పటికే కనిపిస్తోంది. మేనేజరు గారు పెద్దాయన. ఏం చేయబోతున్నామో చెబితే శ్రద్ధగా విని ఒక్క మాట అన్నారు: "నాయనా, ఇప్పుడు ఏమన్నా చేసుకోండి. కాయ దిగినాక మాత్రం నాకు చెప్పకుండా ముట్టుకోవద్దు." తేడా ఎలా కనిపిస్తుందో ఆయనకు చూపించాం: తీసేసే లైను ఎరుపు, చేర్చే లైను ఆకుపచ్చ. ఆయనకు ఎన్జినెక్స్ తెలియదు. కానీ ఫొటో సైజు పైన మేం తెలుగులో రాసిన కారణం చదివి, "ఇక్కడ కెమెరాలు రెండు పెడతాండాం, ఇది సరిపోతుందా?" అని అడిగారు. సరిపోతుంది, హద్దు ఒక్కో ఫొటోకే కాబట్టి.

నడిపాం. మారాల్సినవి మారాయి. రెండోసారి నడిపితే మార్పులు సున్నా. ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారకూడదన్నది ఈ పనిముట్ల మూల సూత్రం, కళ్ళారా చూస్తే ఎంతో ధైర్యం వచ్చింది. తర్వాత మిగతా సర్వర్లను సీరియల్ ఒకటి పెట్టి, ఒక్కొక్కటిగా. ఒకటి ఫెయిలైతే తర్వాతివాటి జోలికి పోకుండా ఆగిపోవాలి. పుత్తూరు వైపు ఒక సర్వరులో డిస్కు నిండిపోయి ఉండటంతో ఆగింది కూడా. డిస్కు ఖాళీ చేసి మళ్ళీ నడిపాం.

మే మూడో వారం

కాయ దిగుతోంది. పప్పెట్ ఏజెంటు చేసే పనికి బదులుగా, మా ఆఫీసు మెషీను నుంచి ప్రతి రాత్రీ అన్ని సర్వర్ల మీదా చెక్, డిఫ్ నడుస్తోంది. ఏదీ మార్చదు. తేడా ఉంటే పొద్దున్నే మాకు సందేశం వస్తుంది.

అలా వచ్చిన మొదటి సందేశంలో, బంగారుపాళెం దగ్గరి ఒక సర్వరులో రాత్రి ఎవరో చేత్తో ఒక లైను చేర్చారని తెలిసింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మా చెల్లెలి వరస అమ్మాయే చేర్చింది. కొత్త కాటా కంప్యూటరు వేరే నెట్‌వర్కులో పెట్టారట, డేటాబేస్ రానివ్వలేదు, బయట లారీలు ఆగి ఉన్నాయి. తను చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. పొద్దున తనే ఆ నెట్‌వర్కును డేటా ఫైలులో చేర్చి, ఎందుకో, ఎవరు అడిగారో, ఎప్పుడు తీసేయవచ్చో రాసి పంపింది. నేను చదివి కలిపాను. ఆ రాత్రి తనిఖీ ఖాళీగా వచ్చింది. ఆన్సిబుల్‌ను ఆటోమేటిక్‌గా సరిదిద్దమని పెట్టి ఉంటే అర్ధరాత్రి ఆ లైను తుడిచిపెట్టి కాటాను మళ్ళీ ఆపేసేది. సీజన్ ముగిసేవరకు చూడటం మాత్రమే, దిద్దడం మనుషుల చేతే అని తీర్మానించుకున్నాం.

ఈ వారమే కొత్త ఫ్యాక్టరీ ఒకటి చేరింది. దాని సొంత ఫైలులో రాసినవి డొమైన్, డేటాబేస్ పేరు, కాటా నెట్‌వర్కు, బ్యాకప్ వేళ. ఫైళ్ళన్నీ ఆ పూటే తయారయ్యాయి.

ఇంకా మిగిలినవి: సర్వర్లు ఎలా నడుస్తున్నాయో కనిపెట్టే ప్రొమీథియస్ గమనించాల్సిన వాటి జాబితాను కూడా ఇదే ఇన్వెంటరీ (ఆన్సిబుల్ దగ్గరున్న సర్వర్ల జాబితా) నుంచి పుట్టించాలి, ఇప్పుడది విడిగా చేత్తో నడుస్తోంది. నెట్ సరిగా లేని ఫ్యాక్టరీల్లో సర్టిఫికెట్ల రెన్యువల్‌కు దారి చూడాలి. పట్టీల రిపోర్టును వేగవంతం చేసి ఆ 300 సెకన్ల లైనును తీసేయాలి, దాని షరతు ఫైలులో రాసే ఉంది. మొదట పట్టుకునేది ఆ రిపోర్టునే, ఎందుకంటే ఆగస్టులోపు అకౌంటెంటు గారికి అది కావాలి.